మీటర్లలో కొలిచే వేసవి

మన బడులకు ఏప్రిల్ చివర్లో సెలవులిస్తారు, జూన్ రెండో వారంలో మళ్లీ తెరుస్తారు. పిల్లలను వెంటబెట్టుకుని దూరదేశం చూసి రావాలనుకునే తెలుగు కుటుంబాలకు చిక్కే వ్యవధి అదే. ఆ రోజుల్లో నార్వే వెళ్దామనుకునేవారు ముందుగా అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. మే చివర, జూన్ మొదట్లో అక్కడ వేసవి వచ్చేసినట్టా, ఇంకా రానట్టా?

బ్రోచర్లలోని ఫొటోలు చూసి దీనికి జవాబు చెప్పలేం. ఎండలో పచ్చగా మెరిసే కొండ, బండ అంచున కాళ్లు వేలాడేసి కూర్చున్న మనిషి, ఎక్కడో కింద నీలం నీళ్లు. ఇవి నడివేసవి బొమ్మలు. క్యాలెండర్ చూసినా పూర్తి జవాబు రాదు. నార్వేలో వేసవి తేదీ కన్నా ఎక్కువగా ఎత్తును బట్టి వస్తుంది. ఒకే రోజు, మన మండలమంత ప్రాంతంలో, నీటి ఒడ్డున తోటలు పచ్చగా ఉంటాయి. వెయ్యి మీటర్ల పైన చెరువు ఇంకా గడ్డకట్టే ఉంటుంది. ఈ సంగతి పట్టుబడితే ఏ దారి తెరిచి ఉంటుందో, ఏ జలపాతం నిండుగా ఉంటుందో, ఏ కొండ జోలికి పోకూడదో చాలావరకు మనమే ఊహించుకోవచ్చు.

ముందు చలి లెక్క చూద్దాం. గాలి పైకి పోయేకొద్దీ దానిమీద ఒత్తిడి తగ్గుతుంది. ఒత్తిడి తగ్గితే గాలి వ్యాకోచిస్తుంది (ఎక్కువ చోటుకు పరుచుకుంటుంది). అలా పరుచుకోవడానికి తనలోని వేడినే ఖర్చు పెడుతుంది, కాబట్టి చల్లబడుతుంది. సగటున ప్రతి వెయ్యి మీటర్లకు ఆరున్నర డిగ్రీల సెల్సియస్ తగ్గుదల. ఒడ్డున 16 డిగ్రీలుంటే వెయ్యి మీటర్ల పైన 9 లేదా 10. రాత్రికి అది సున్నా దగ్గరికి దిగిపోవచ్చు.

ఇంతవరకే అయితే ఒక స్వెటర్ అదనంగా పెట్టుకుంటే సరిపోయేది. అసలు తేడా తెచ్చేది మంచు. శీతాకాలమంతా కొండల మీద పేరుకున్న మంచు మే నాటికి చాలాచోట్ల మనిషి నిలువుకు మించి ఉంటుంది. అది కరగాలంటే బోలెడు వేడి కావాలి. సున్నా డిగ్రీల దగ్గరున్న కిలో మంచును అదే సున్నా డిగ్రీల నీరుగా మార్చడానికి పట్టే వేడితో, ఆ నీటిని 80 డిగ్రీల దాకా కాచవచ్చు. దీన్ని గుప్తోష్ణం (ఉష్ణోగ్రత పెరగకుండానే మంచు మింగేసే వేడి) అంటారు. పైగా తెల్లటి మంచు తనమీద పడ్డ ఎండలో ఎక్కువ భాగాన్ని వెనక్కి కొట్టేస్తుంది. అందుకే సూర్యుడు రోజుకు పద్దెనిమిది గంటలు వెలిగినా, పైన నేల కనబడడానికి వారాలు పడుతుంది. గాలి వెచ్చబడడానికీ నేల బయటపడడానికీ మధ్య ఉండే ఈ ఆలస్యమే అక్కడి తొలి వేసవి.

దీన్ని కళ్లారా చూడాలంటే ఫ్లోమ్ రైలు ఎక్కాలి. ఫ్లోమ్ అనేది ఒక ఫియోర్డ్ (కొండల మధ్యకు చొచ్చుకొచ్చిన సన్నటి, లోతైన సముద్రపు పాయ) చివరనున్న చిన్న ఊరు. స్టేషన్ సముద్ర మట్టానికి 2 మీటర్ల ఎత్తున ఉంది. రైలు 20 కిలోమీటర్లు నడిచి 867 మీటర్ల ఎత్తులోని మీర్డాల్ చేరుతుంది. సుమారు గంట ప్రయాణం. దారిలో ఎక్కువ భాగం 18 మీటర్లు నడిస్తే ఒక మీటరు ఎక్కేంత ఏటవాలు. పళ్ల చక్రం సాయం లేకుండా మామూలు పట్టాల మీదే అంత ఎక్కడం రైళ్లకు అరుదు.

జూన్ తొలి వారంలో కింద బర్చ్ చెట్లు కొత్తాకు తొడిగి నిండుగా ఉంటాయి. పైకి పోయేకొద్దీ ఆకు చిన్నదవుతుంది, తర్వాత మొగ్గ, ఆ తర్వాత ఉత్త కొమ్మ. కిటికీలోంచి చూస్తే నెల రోజులు వెనక్కి నడిచినట్టు ఉంటుంది. మధ్యలో చోస్‌ఫొసెన్ జలపాతం దగ్గర రైలు కొన్ని నిమిషాలు ఆగుతుంది. ఈ రోజుల్లో దాని తుంపర ప్లాట్‌ఫారం దాకా వచ్చి తడిపేస్తుంది. ఫోన్ తుడుచుకుని ఫొటో తీసేలోపు రైలెక్కమని పిలుపొస్తుంది. మీర్డాల్‌లో దిగేసరికి చుట్టూ వాలుల మీద మంచు పట్టీలు కనిపిస్తాయి. అక్కడ రైలు మారి ఓస్లో వైపు వెళ్తే ఫిన్సే వస్తుంది. 1909లో మొదలైన బెర్గెన్-ఓస్లో లైనులో అన్నిటికన్నా ఎత్తైన స్టేషన్ అదే, 1,222 మీటర్లు. స్టేషన్ ముందున్న చెరువు జూన్ మొదట్లో మామూలుగా ఐసు కప్పుకునే ఉంటుంది. ఆ లైను వేసిన కూలీల కోసం కట్టిన పాత బాట ఇప్పుడు పేరున్న సైకిల్ దారి. దాని ఎగువ భాగం జులైలో గానీ సైకిళ్లకు పనికిరాదు. ఆ సంగతి తెలియక జూన్ మొదట్లో సైకిల్ తొక్కుదామని ఫిన్సే చేరితే, దాన్ని మంచులో తోసుకుంటూ నడవడమే అవుతుంది.

కింద మాత్రం వేసవి అంత త్వరగా ఎలా వస్తుంది? బెర్గెన్, ఓస్లో నగరాలు ఉత్తర అక్షాంశం 60 డిగ్రీల దగ్గర ఉన్నాయి. గ్రీన్‌లాండ్ దక్షిణపు కొన కూడా దాదాపు అదే గీత మీద ఉంది. గ్రీన్‌లాండ్‌లో పళ్లతోటలు లేవు, నార్వేలో ఉన్నాయి. తేడా సముద్రానిది. ఉష్ణమండలం వైపు నుంచి వచ్చే అట్లాంటిక్ ప్రవాహం వెచ్చటి నీటిని నార్వే తీరం పొడుగునా మోసుకొస్తుంది. ఆ నీటి మీదుగా వీచే పడమటి గాలి ఆ వెచ్చదనాన్ని నేలకు చేరుస్తుంది. నడి చలికాలంలో కూడా అక్కడి రేవుల్లో ఎక్కువ భాగం గడ్డకట్టవు. ఫియోర్డ్ నీరు చలికాలంలో ఒడ్డును మరీ చల్లబడనివ్వదు. హార్డాంగర్ ఫియోర్డ్ ఒడ్డున ఉల్విక్, లోఫ్తుస్ లాంటి ఊళ్లలో ఆపిల్ తోటలు అందుకే బతికాయి. ఆ సాగును 13వ శతాబ్దంలో క్రైస్తవ సన్యాసులు తెచ్చారని అక్కడివాళ్లు చెబుతారు. పూత మే నెలలో వస్తుంది. ఆ ఏటి చలిని బట్టి వారం పది రోజులు ముందూ వెనకా అవుతుంది. తోటల వెనక కొండ నెత్తిన మంచు తెల్లగా ఉంటుంది. ఈ రెండూ ఒకే చూపులో దొరికేది ఈ రోజుల్లోనే. నన్నడిగితే ఆగస్టు ప్రయాణం కన్నా దీనికే ఓటు వేస్తాను.

ఇప్పుడు నీళ్ల దగ్గరికి వద్దాం. తొలి వేసవిలో నార్వేకు వెళ్లినవారికి ఎక్కువ దక్కేవి జలపాతాలు. అవి అంత నిట్టనిలువుగా ఎందుకు పడతాయో తెలియాలంటే ఫియోర్డ్ పుట్టుక తెలియాలి.

మంచు యుగాల్లో ఈ నేల మీద రెండు కిలోమీటర్లకు మించిన మందాన హిమం ఉండేది. హిమానీనదం (కొండ మీంచి మెల్లగా జారే మంచు ప్రవాహం) తన బరువుతో, తనలో ఇరుక్కున్న రాళ్లతో అడుగును అరగదీస్తూ పోతుంది. నది కోసిన లోయ కింద ఇరుకుగా ఉంటుంది. హిమం కోసిన లోయకు అడుగు వెడల్పు, గోడలు నిటారు. హిమం నది కన్నా లోతుకు, సముద్ర మట్టానికి కూడా దిగువకు తవ్వగలదు. సముద్రం దగ్గరపడ్డాక అది పరుచుకుని పలచబడుతుంది, తవ్వే బలం తగ్గుతుంది. అందుకే ఫియోర్డ్‌లు లోపల ఎక్కువ లోతు, సముద్రం వైపు తక్కువ లోతు. సోగ్నెఫియోర్డ్ పొడవు 200 కిలోమీటర్ల పైన, అత్యధిక లోతు 1,300 మీటర్లు. సముద్రం కలిసే చోట మాత్రం దాని లోతు అందులో చిన్న వంతే. హిమం వెనక్కి తగ్గాక ఆ పల్లంలోకి సముద్రం వచ్చి చేరింది.

పెద్ద హిమానీనదంలో కలిసే పిల్ల హిమానీనదాలు పలచనివి. అవి అంత లోతుకు తవ్వలేకపోయాయి. హిమం కరిగిపోయాక వాటి లోయలు పెద్ద లోయ గోడకు ఎక్కడో పైన తెగిపోయినట్టు మిగిలాయి. వీటిని వేలాడే లోయలు (పెద్ద లోయ అడుగు కన్నా బాగా ఎత్తులో ఆగిపోయిన చిన్న లోయలు) అంటారు. ఆ లోయల్లో పారే వాగులకు ముందుకు దారి లేదు, దూకాల్సిందే. గైరాంగర్ ఫియోర్డ్‌లోని ‘ఏడుగురు అక్కచెల్లెళ్లు’ జలపాతం అలా 250 మీటర్లు దూకుతుంది. పైన మంచు ఎక్కువగా కరిగే మే చివర, జూన్‌లలో ఏడు ధారలూ నిండుగా ఉంటాయి. వేసవి ముదిరి పైన మంచు అయిపోయేసరికి కొన్ని ధారలు సన్నబడిపోతాయి.

ఆ జలపాతం ఎదుటి గోడ మీద, నీటికి 250 మీటర్ల ఎత్తున, స్కాగెఫ్లో అనే పాత రైతు ఇల్లు ఉంది. అక్కడ 1916 వరకు మనుషులు కాపురమున్నారు. రాజు హరాల్డ్, రాణి సోనియా తమ పెళ్లి రజతోత్సవాన్ని 1993లో అక్కడే జరుపుకున్నారు. పడవలోంచి చూసేవారికి అంత ఎత్తున అంగుళమంత పచ్చిక కోసం మనుషులు ఎందుకెక్కారా అనిపిస్తుంది. నిట్టనిలువు గోడల దేశంలో దున్నగలిగిన ప్రతి చదునూ విలువైనదే.

ఈ జలపాతాల నీటికి ఇంకో యజమాని కూడా ఉన్నాడు, విద్యుత్తు. నార్వే కరెంటులో పదింట దాదాపు తొమ్మిది వంతులు జలవిద్యుత్తు. ఎత్తున ఉన్న సహజమైన చెరువులకు కట్టలు వేసి, కొండలో సొరంగాలు తొలిచి, నీటిని కింది టర్బైన్లకు పంపుతారు. చలికాలంలో వాడకం ఎక్కువ, రాక తక్కువ. కాబట్టి ఏప్రిల్‌కల్లా జలాశయాలు అడుగంటుతాయి. మే నుంచి కరిగే మంచుతో మళ్లీ నిండుతాయి. అంటే మనం చూడాలని వెళ్లే నీరూ, వాళ్లు దాచుకోవాలనుకునే నీరూ ఒకటే. ఈ పేచీ పాతది. మార్డాల్స్‌ఫొసెన్ జలపాతం నీటిని విద్యుత్తుకు మళ్లించవద్దని 1970లో నిరసనకారులు అక్కడే బైఠాయించారు. వారిలో తత్వవేత్త ఆర్నే నెస్ కూడా ఉన్నారు. ప్రాజెక్టు ఆగలేదు. ఇప్పుడా జలపాతానికి పర్యాటకుల కోసం జూన్ 20 నుంచి ఆగస్టు 20 వరకు నీరు వదులుతారు. జూన్ 10న వెళ్లినవారికి చుట్టుపక్కల ఊరూపేరూ లేని వాగులన్నీ ఉరకలేస్తూ కనిపిస్తాయి, యూరప్‌లోని అతి ఎత్తైన జలపాతాల్లో ఒకటైన ఇది మాత్రం వెలవెలబోతూ కనిపిస్తుంది. హార్డాంగర్ దగ్గరి వోరింగ్స్‌ఫొసెన్ నీరు కూడా ప్రాజెక్టు చేతిలోనిదే. అక్కడ వేసవిలో ఇంత నీరు తప్పక వదలాలని షరతు ఉంది. కాబట్టి జలపాతం పేరు చూసి బయల్దేరే ముందు దాని నీరు ఎవరి అధీనంలో ఉందో కనుక్కోవడం మంచిది.

రోడ్ల సంగతికి వస్తే ఎత్తు ప్రభావం ఇంకా సూటిగా ఉంటుంది. నార్వేలో 18 దారులను జాతీయ పర్యాటక మార్గాలుగా గుర్తించారు. వాటిలో కొండ మీదుగా పోయేవి కొన్ని చలికాలమంతా మూసే ఉంటాయి. సోగ్నెఫియెల్ రోడ్డు 1,434 మీటర్ల ఎత్తుకు చేరుతుంది. ఉత్తర యూరప్‌లో కొండ కనుమ దాటే రోడ్లలో అంత ఎత్తైనది లేదు. దాన్ని మామూలుగా మే మొదట్లో తెరుస్తారు. ఔర్‌లాండ్, లేర్డాల్ ఊళ్ల మధ్య కొండ మీదుగా పోయే దారిని జనం ‘మంచు రోడ్డు’ అంటారు. అది 1,300 మీటర్ల దాకా ఎక్కుతుంది, జూన్ మొదటి రోజుల్లో తెరుచుకుంటుంది. ఎత్తు తక్కువైన దారి నెల ఆలస్యంగా తెరవడం వింతగా అనిపించవచ్చు. ఎత్తుతో పాటు గాలి మంచును ఎక్కడ కుప్పపోస్తుందన్నది, ఆ దారి ఎంత అవసరమన్నది కూడా లెక్కలోకి వస్తాయి. ఔర్‌లాండ్, లేర్డాల్‌లకు కొండ అడుగునుంచి వేరే దారి ఉంది. 2000లో తెరిచిన లేర్డాల్ సొరంగం అది. పొడవు 24.5 కిలోమీటర్లు, రోడ్డు సొరంగాల్లో ప్రపంచంలోనే పెద్దది. డ్రైవర్లకు నిద్ర రాకుండా మధ్యలో మూడు చోట్ల గుహలా వెడల్పు చేసి నీలం వెలుగు పెట్టారు. సొరంగం ఉన్నప్పుడు పై దారిని తొందరపడి తవ్వాల్సిన అవసరం ఎవరికీ లేదు. ఔర్‌లాండ్ వైపు ఫియోర్డ్ పైకి పొడుచుకొచ్చిన స్తేగస్తైన్ అనే చూపువేదిక వరకు మాత్రం, అంటే 650 మీటర్ల దాకా, రోడ్డును ఏడాది పొడవునా తెరిచే ఉంచుతారు.

దారి తెరవడం అంటే గేటు తీయడం కాదు. రోడ్డు ఎక్కడుందో కనబడనంత మంచు ఉంటుంది. చలికాలానికి ముందే అంచుల వెంట పొడవాటి కర్రలు పాతుతారు. కర్రలూ మునిగిపోయిన చోట ఉపగ్రహాల సాయంతో దారి గుర్తిస్తారు. పై మంచును బుల్‌డోజర్లు తోడేస్తాయి. ఆ తర్వాత తిరిగే పళ్ల యంత్రం మంచును కొరికి దూరంగా చిమ్ముతుంది. ఇలా ఒక్కో పొర తీస్తూ తారు దాకా దిగుతారు. మిగిలిన రెండు గోడలు కొన్నిచోట్ల బస్సు కన్నా ఎత్తు. ఆ గోడల మధ్య నుంచి పోవడం తెరిచిన తొలి రెండు మూడు వారాల ముచ్చట. తర్వాత అవి కుంగిపోతాయి. దారి తెరిచాక కూడా రాత్రి గడ్డకట్టే రోజుల్లో చీకటి వేళ మూయవచ్చు, హిమపాతం (వాలు మీంచి ఒక్కసారిగా జారిపడే మంచు) భయం ఉంటే పగలే మూయవచ్చు. రాళ్ల భయం వేరే. పదకొండు మెలికలతో 1936లో తెరిచిన ట్రోల్‌స్టీగెన్ ఘాట్ రోడ్డును 2024లో రాళ్లు పడుతున్నాయని వేసవి మొదట్లోనే మూసి, ఆ ఏడు మళ్లీ తెరవలేదు. కొండ గోడల పగుళ్లలో చేరిన నీరు గడ్డకడితే ఉబ్బుతుంది, కరిగితే వదులవుతుంది. ఈ గడ్డకట్టడం, కరగడం చాలాసార్లు జరిగేది వసంతంలోనే. రాయి జారేది కూడా అప్పుడే ఎక్కువ. దీని అర్థం భయపడమని కాదు. ఏ కనుమ దాటాలనుకున్నా కింది నుంచి పోయే రెండో దారి ముందే చూసి ఉంచుకోవాలని. రోడ్ల శాఖ వెబ్‌సైట్‌లో ఏ దారి తెరిచి ఉందో ఎప్పటికప్పుడు పెడతారు. ముందురోజు రాత్రి ఒకసారి, బయల్దేరే ముందు ఒకసారి చూస్తే చాలు.

మ్యాపులో 100 కిలోమీటర్లు కనబడితే గంటన్నర అనుకోకూడదు. దారులు ఇరుకు. ఎదురు బండి వస్తే ఆగడానికి ‘ఎం’ అక్షరం ఉన్న నీలం బోర్డు దగ్గర పక్కకు చోటుంటుంది. మధ్యలో బల్లకట్టు లాంటి ఫెర్రీ దాటాలి. జూన్‌లో గొర్రెలు, మేకలు కూడా రోడ్డెక్కుతాయి. పైన మంచు వెనక్కి తగ్గుతుంటే గడ్డి మొలుస్తుంది, దాన్ని బట్టి రైతులు మందలను కొండకు తోలుతారు. ఔర్‌లాండ్ ఫియోర్డ్ ఒడ్డున ఉండ్రెడాల్ అనే పల్లెలో మనుషుల కన్నా మేకలు కొన్ని రెట్లు ఎక్కువ. అవి ఇచ్చే పాలతో చేసే గోధుమరంగు జున్ను తియ్యగా ఉంటుంది. పాలవిరుగుడును గంటల తరబడి మరిగిస్తే అందులోని చక్కెర ముదురు రంగుకు తిరగడమే ఆ తీపికీ రంగుకూ కారణం. మన కోవా ఇష్టపడేవారికి నచ్చవచ్చు. మిగతావారు చిన్న ముక్కతో మొదలుపెట్టడం క్షేమం.

నడక గురించి కొంచెం నిదానంగా చెప్పాలి. ప్రమాదం ఉన్నది ఇక్కడే.

తొలి వేసవిలో కొండ మీది మంచు చలికాలపు మంచు కాదు. పగటి ఎండకు లోపల నీరు చేరి, రేణువుల మధ్య పట్టు పోతుంది. నార్వేవాళ్లు దాన్ని కుళ్లిన మంచు అంటారు. తెల్లవారుజామున పైపొర గట్టిగా ఉండి మనిషిని మోస్తుంది. మధ్యాహ్నానికి అదే చోట తొడ దాకా దిగబడుతుంది. వాగుల మీద పేరుకున్న మంచు పైకి నేలలాగే కనిపిస్తుంది. కింద నీరు పారుతూ లోపల్నించి తినేస్తుంది. అలాంటి చోట అడుగు పడితే మంచు కప్పు విరిగి మనిషి వాగులో పడతాడు. వాగుల లెక్క కూడా రోజంతా ఒకటిగా ఉండదు. పగలు కరిగిన మంచు కిందికి చేరడానికి సమయం పడుతుంది. అందువల్ల ప్రవాహం సాయంత్రం ఎక్కువ, తెల్లవారుజామున తక్కువ. పొద్దున మోకాలి లోతులో దాటిన వాగు తిరిగొచ్చేసరికి దాటలేనిది కావచ్చు.

దీనికి అక్కడ ఒక ఏర్పాటు ఉంది. 1868లో పుట్టిన నార్వే పర్వతయాత్రికుల సంఘం దేశమంతా కాలిబాటలను, బస ఇళ్లను నడుపుతోంది. బాట పక్క రాళ్ల మీద ఎర్ర ‘టీ’ అక్షరం వారి గుర్తు. చాలా వాగుల మీద వారు వేసేవి వేసవి వంతెనలు. మంచు బరువుకు, వరదకు కొట్టుకుపోకుండా శరదృతువులో వాటిని ఊడదీస్తారు, మంచు తగ్గాక మళ్లీ బిగిస్తారు. ఎత్తు ప్రాంతాల్లో ఆ పని జూన్‌లో నడుస్తుంటుంది. వండిపెట్టే సిబ్బంది ఉండే కొండ బసలు చాలావరకు జూన్ రెండో సగంలో తెరుస్తారు. వంతెన వేయలేదంటే, బస తెరవలేదంటే ఆ బాట ఇంకా సిద్ధం కాలేదని అర్థం. ఎర్ర గుర్తులున్న రాళ్లు మంచు కిందే ఉంటాయి కూడా.

కాబట్టి ఎత్తు చూసి ఎంచుకోవాలి. లూసెఫియోర్డ్ మీద 604 మీటర్ల ఎత్తున ఉన్న ప్రైకెస్తోలెన్ బండకు రానూపోనూ 8 కిలోమీటర్లు. మే నెలలో చాలామంది హాయిగా వెళ్లొస్తారు. నాలుకలా ముందుకు చాచిన ట్రోల్‌టుంగా బండ వేరు. మామూలుగా నడక మొదలుపెట్టే కింది చోటు నుంచి రానూపోనూ సుమారు 27 కిలోమీటర్లు, పది పన్నెండు గంటల నడక. బాట వెయ్యి మీటర్లు దాటిన ఎత్తులో సాగుతుంది. జూన్ మొదట్లో అక్కడ మంచు మిగిలి ఉండడం మామూలే. మే నెలలో గైడ్ లేకుండా వెళ్లవద్దని స్థానికులు గట్టిగా చెబుతారు. వెలుతురు రాత్రంతా ఉందికదా అని మధ్యాహ్నం బయల్దేరేవారు కూడా ఉంటారు. వెలుతురుంటే దారి కనిపిస్తుంది, కాళ్లకు శక్తి రాదు.

ఆ వెలుతురు ఎక్కడిదో రెండు మాటల్లో చూద్దాం. భూమి ఇరుసు 23.4 డిగ్రీలు వాలి ఉంది. జూన్‌లో ఉత్తర ధ్రువం సూర్యుడి వైపు ఒరుగుతుంది. హైదరాబాద్‌లో జూన్ 21 నాటి పగలు 13 గంటల పైచిలుకు. ఓస్లోలో దాదాపు 19 గంటలు. మిగిలిన ఐదు గంటల్లో కూడా సూర్యుడు దిగంతానికి కొద్దిగా కిందే ఉంటాడు కాబట్టి పూర్తి చీకటి పడదు. ఆర్కిటిక్ వలయం దాటితే సూర్యుడు అస్తమించనే అస్తమించడు. ట్రోమ్సోలో ఇది మే 20 ప్రాంతంలో మొదలై జులై మూడో వారం దాకా ఉంటుంది. లఫూతెన్ దీవుల్లో మే చివర నుంచి జులై మధ్య వరకు. అర్ధరాత్రి సూర్యుడి కోసమే వెళ్లేవారికి మన సెలవుల ఆఖరి రెండు వారాలు సరిగ్గా సరిపోతాయి. పిల్లలు నిద్రపోరు. కళ్లకు కట్టే గుడ్డపట్టీ బ్యాగులో పెట్టుకోండి, హోటల్ కర్టెన్‌ను పూర్తిగా నమ్మకండి.

వాన విషయంలో తొలి వేసవి మనకు అనుకూలం. బెర్గెన్‌లో ఏడాదికి 2,000 మిల్లీమీటర్లకు పైగా కురుస్తుంది. సముద్రం మీంచి తడి గాలి వచ్చి కొండకు కొట్టుకుని పైకెక్కి, చల్లబడి, అక్కడే కురిసేస్తుంది. కొండ దాటేసరికి గాలిలో తేమ మిగలదు. ఆ వెనకనున్న షోక్, లోమ్ ప్రాంతాల్లో 300 మిల్లీమీటర్లు పడితే గొప్ప. అది మన అనంతపురం సగటులో ఇంచుమించు సగం. అక్కడి రైతులు పాతకాలంలో కరిగిన మంచు నీటిని చెక్క కాలువల్లో పొలాలకు పారించుకునేవారు. పడమటి తీరంలో కూడా ఏప్రిల్ నుంచి జూన్ వరకు వానలు తక్కువ, శరదృతువులో ఎక్కువ. ఈ పొడితనం వల్ల ఒక నియమం: ఏప్రిల్ 15 నుంచి సెప్టెంబర్ 15 వరకు అడవుల్లో, వాటి దగ్గర్లో అనుమతి లేకుండా నిప్పు రాజేయకూడదు. గుడారం మాత్రం వేసుకోవచ్చు. 1957 నాటి చట్టం సాగులో లేని నేలపై ఎవరైనా తిరిగే హక్కు ఇచ్చింది. ఇళ్లకు కనీసం 150 మీటర్ల దూరం ఉండాలి, ఊళ్ల దగ్గరైతే ఒకే చోట రెండు రాత్రులకు మించకూడదు.

మే నెలలో సెలవు రోజులు కూడా చూసుకోవాలి. 1814లో రాజ్యాంగం వచ్చిన మే 17 వారి జాతీయ దినం. ఆయుధాల కవాతు కన్నా బడిపిల్లల ఊరేగింపుకు ప్రాధాన్యం. పెద్దలు తమ ప్రాంతపు సంప్రదాయ దుస్తులు వేసుకుంటారు. చూడదగ్గ రోజే, కానీ దుకాణాలు మూసేస్తారు. మే 1, ఈస్టర్ తర్వాత వచ్చే రెండు చర్చి పండుగలు, ప్రతి ఆదివారం కూడా అంతే. అన్నం, పప్పు వండుకునే ఏర్పాటున్న చెక్క ఇల్లు తీసుకున్నవారు ముందురోజే సరుకులు తెచ్చుకోవాలి. వారి బడులు జూన్ మూడో వారం తర్వాత మూస్తారు, ఉద్యోగుల సెలవులు జులైలో. అందుకే జూన్ మొదట్లో గదులు కొంత సులువుగా దొరుకుతాయి.

పెద్ద ఓడల రద్దీ మాత్రం మే నుంచే ఉంటుంది. గైరాంగర్, నేరయ్ ఫియోర్డ్‌లు 2005 నుంచి యునెస్కో వారసత్వ ప్రదేశాలు. నేరయ్ ఒకచోట 250 మీటర్ల వెడల్పే. అంత ఇరుకు గోడల మధ్య ఓడ పొగ గాలికి పోదు, గంటల తరబడి నిలిచిపోతుంది. అందుకని వారసత్వ ఫియోర్డ్‌లలోకి కాలుష్యం లేని ఓడలనే రానివ్వాలని పార్లమెంటు 2018లో తీర్మానించింది. 10,000 టన్నుల లోపు ప్రయాణికుల ఓడలకు 2026 నుంచి, పెద్దవాటికి 2032 నుంచి అని తర్వాత గడువు నిర్ణయించారు. చిన్న పడవలు కొన్ని ముందే మారాయి. కార్లను మోసే తొలి బ్యాటరీ ఫెర్రీ 2015లో సోగ్నెఫియోర్డ్ మీదే మొదలైంది. ప్రయాణికుడికి దీనివల్ల దక్కేది నిశ్శబ్దం. ఇంజిన్ మోత లేకపోతే జలపాతం మోత వినిపిస్తుంది.

మొత్తం పది పన్నెండు రోజుల ప్రయాణమైతే ఇలా పేర్చుకోవచ్చు. మే చివరైతే బెర్గెన్, హార్డాంగర్, ఫ్లోమ్ చుట్టూ నీటి మట్టం దగ్గరే ఉండి, ఎత్తును రైలులోంచి చూడాలి. జూన్ మొదటి వారం చివరైతే మంచు రోడ్డు, సోగ్నెఫియెల్ దారి కలుపుకోవచ్చు. ఎత్తైన కాలిబాటల నడకే లక్ష్యమైతే జులై దాకా ఆగాలి, దానికి పిల్లల సెలవులు కుదరవు. బట్టలు పొరలుగా తీసుకోవాలి: లోపల ఉన్ని, పైన గాలి వానలను ఆపే కోటు. మందపాటి ఒకే జాకెట్ అయితే ఒడ్డున ఉక్కపోస్తుంది, పైన చాలదు.

నార్వే యూరోపియన్ యూనియన్‌లో లేదు, కరెన్సీ క్రోనె. కానీ 2001 నుంచి షెంగెన్ ఒప్పందం అమలు చేస్తోంది కాబట్టి మనకు కావాల్సింది షెంగెన్ వీసాయే. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు పెట్టుకోవచ్చు, కనీసం 15 రోజుల ముందైనా పెట్టాలి. వేసవి సెలవుల ముందు యూరప్ వీసా అపాయింట్‌మెంట్లకు మన దగ్గర గిరాకీ ఎక్కువ, అందుకని జనవరి, ఫిబ్రవరిల్లోనే మొదలుపెట్టడం నయం. ప్రయాణ బీమా కనీసం 30,000 యూరోలకు ఉండాలి. కొండ నడక ఆలోచన ఉంటే ఆ పాలసీ ఎంత ఎత్తు వరకు, ఎలాంటి నడకకు వర్తిస్తుందో డబ్బు కట్టకముందే చదువుకోవాలి.